కొక్కెం కింద చుక్క

వీరభద్రం మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. కళ్ళద్దాలు తీస్తారు, పంచె చెంగుతో తుడుస్తారు, మళ్ళీ పెట్టుకుంటారు. ఈలోగా అడిగినవాడు తన ప్రశ్న తనే ఇంకోసారి వినాలి. చాలామంది ఆపాటికే సర్దుకుని వెళ్ళిపోతారు. ఆయనకి నరసాపురం రేవు దగ్గర ఫొటో స్టూడియో ఉంది. ఫొటోలు తీస్తారు, తీయడం నేర్పుతారు. ఆ స్టూడియో ముందుగదిలో పటాలకి చట్రాలు కట్టేవాణ్ణి నేను, సత్తెయ్యని. రంపం ఆపితే ఆ గదిలో ఎవరి మాటైనా వినపడుతుంది కాబట్టి శిష్యులు అడిగిన ప్రశ్నలు నేను చాలా విన్నాను. ఆయన చెప్పిన జవాబులు మాత్రం తక్కువ. వాటిల్లో ఇది ఒకటి.

తాతాజీ అని ఒక శిష్యుడు ఉన్నాడు. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. చెయ్యి మంచిది, నోరు మంచిది కాదు. పోయిన దసరాకి నేను కట్టిన చట్రం చూసి, నలుగురి ముందూ, "మూల కలవలేదు బాబాయ్" అన్నాడు. కలిసింది. ఆ పటం బస్టాండు ఎదురుగా మందుల షాపు గోడకే ఉంది, ఎవరైనా పోయి గోరు పెట్టి చూసుకోవచ్చు. ఈ సంగతికీ దానికీ సంబంధం లేదు. కానీ వాడి గురించి చెప్పేటప్పుడు అది చెప్పకుండా దాటిపోవడం నావల్ల కాదు.

ఈ తాతాజీకి వానలు మొదలైన దగ్గర్నుంచీ ఒక పిచ్చి పట్టింది. ఎక్కడ చూసినా ప్రశ్న గుర్తులే కనపడేవి. నేను బడి మానేసిన నాటికి మా చదువు ఆ గుర్తు దాకా రాలేదు. నాకు తెలిసినంతలో అది పటం తగిలించే కొక్కెం. కింద చుక్క ఉంటుంది కదా, అది కొక్కెం నించి జారి కింద పడ్డదేదో. అలాగే గుర్తుపెట్టుకున్నాను, తప్పేం లేదు. వీడు మటుకు కెమెరా మెళ్ళో వేసుకుని చేలగట్ల వెంట తిరిగి ఆ కొక్కేలు ఏరుకొచ్చేవాడు. వరిచేలో మెడ మడిచి నిలబడ్డ తెల్లకొంగ, దాని కాళ్ళ కింద ఒక నత్తగుల్ల. చేపల మార్కెట్టు గచ్చు మీద ముడుచుకున్న రొయ్య, పక్కన ఒక ఐసుముక్క. పడవకి కట్టిన తాడు వొంపు తిరిగి, చివర కట్టుకొయ్య. తోక ఎత్తి పరిగెత్తే దూడ. దూడ వెనక చుక్క ఏమిటో నేను చెప్పను, చూసినవాళ్ళందరూ నవ్వారు. ఏదీ వాడు పెట్టింది కాదు, ఉన్నది ఉన్నట్టు పట్టుకున్నవే. ఆ సంగతి నేను ఒప్పుకుంటాను.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం వాడు ఆ బొమ్మలన్నీ నా బల్ల మీద పరిచాడు. ఏలూరులో ఫొటోల ప్రదర్శన పెడుతున్నారట, మాస్టారు మంచివి ఏరితే వాటికి నేను చట్రాలు కట్టాలట. పరిచి, పని సంగతి వదిలేసి, ఇది అడిగాడు.

"మాస్టారూ, ఇన్ని ప్రశ్న గుర్తులు నాకు కనపడుతున్నాయి. కొంగలో ఉంది, తాడులో ఉంది, కుళాయిలో ఉంది. జవాబుకి గుర్తు ఒక్కటీ కనపడదేమండి? అసలు లేదంటారా, నాకు కనపడదంటారా?"

మాస్టారు కళ్ళద్దాలు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. జవాబు చెప్పలేదు. భూతద్దం తీసుకుని బొమ్మలు ఒక్కొక్కటే చూడ్డం మొదలుపెట్టారు. రొయ్య దగ్గర తల ఊపారు. దూడ దగ్గర ఆయన కూడా నవ్వారు. అట్టడుగున ఉన్న బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగారు.

నేనూ వొంగి చూశాను. నిజం చెప్పాలంటే, వాడి మీద ఎంత కోపం ఉన్నా, బొమ్మ బాగుంది. అంత బాగున్నది ఆ బల్ల మీద ఇంకోటి లేదు. ఉత్త గచ్చు మీద ఒక ఆడమనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పైనుంచి తీశాడు, స్టూలు ఎక్కి ఉంటాడు. తలా భుజాలూ ముందుకి వొంగి, వెన్ను వొంపు తిరిగి, కాళ్ళు తిన్నగా చాపి. పాదాల కింద, కొంచెం ఎడంగా, స్టీలు గ్లాసు. కిటికీ వెలుతురు గ్లాసులో నీళ్ళ మీద పడి గుండ్రంగా మెరుస్తోంది. కొక్కెమూ, కింద చుక్కా. మొహం కనపడకపోయినా ఆ జడ చూసి ఎవరో నాకు తెలిసింది. వాడి భార్య తాయారు.

ఆ పిల్ల సంగతి ఇక్కడ చెప్పాలి. అయిదో నెలలో, ఆషాఢంలో, కడుపు పోయింది. అప్పట్నుంచి లేసు అల్లిక ముట్టుకోలేదు, వీధిలోకి రాలేదు, వండి పెట్టి గోడవైపు తిరిగి పడుకునేది. ఈ మాట మా ఇంటిది చెప్పింది, వాళ్ళది మా వెనక వీధే. తాతాజీ ఆ సంగతి స్టూడియోలో ఎప్పుడూ ఎత్తలేదు. పొద్దున్నే కెమెరా తగిలించుకుని కొంగల దగ్గరికి పోయేవాడు. ఆ శుక్రవారం తాయారు అన్న వచ్చి పుట్టింటికి తీసుకుపోతాడని కూడా మా ఇంటిదే చెప్పింది. వాళ్ళది అవతలి గట్టు. రేవులో పంటు ఎక్కితే ఏరు దాటడానికి ఎంతోసేపు పట్టదు. మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా అని అడిగితే మాత్రం ఆ పిల్ల ఏమీ చెప్పలేదట.

మాస్టారు ఆ బొమ్మ మీద భూతద్దం చాలాసేపు ఉంచారు. మనిషి మీద కాదు, గ్లాసు మీదా కాదు. ఉత్త గచ్చు మీద. అక్కడేం చూస్తున్నారో నాకు అర్థం కాలేదు.

"గ్లాసు అక్కడే ఉందా?" అన్నారు.

"అక్కడే ఉందండి" అన్నాడు తాతాజీ. కొంచెం తొందరగా అన్నాడు.

"తాయారు చూసిందా ఈ బొమ్మ?"

"లేదండి. నిద్దట్లో ఉండగా తీశాను."

మాస్టారు నావైపు తిరిగారు. "సత్తెయ్య గారూ, దీనికి కర్ర కొయ్యకండి."

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది, దానికి మినహాయింపు లేదు. బొమ్మలో మనిషి ఉంటే ఆ మనిషి ముందు చూడాలి. చూసి ఊ అనాలి. అప్పుడే చట్రం, అప్పుడే గోడ. పెళ్ళికూతురైనా అంతే, రేవులో చేపలమ్మే ముసలమ్మైనా అంతే. ఒకసారి ఒక పెద్దమనిషి తన బొమ్మలో బట్టతల కనపడిందని వద్దన్నాడు. మాస్టారు మారుమాట లేకుండా చించేశారు. నేనప్పటికే మూడు పక్కలు బిగించేశాను. ఆ టేకు ముక్కలు ఇంకా అటక మీద ఉన్నాయి. ఆ పెద్దమనిషి పేరు కూడా నాకు గుర్తుంది.

"అదేంటండి" అన్నాడు తాతాజీ. "అన్నిట్లోకీ అదే కదండి బాగుంది. మొహం కూడా కనపడదు. కొంగకి చూపించానా? రొయ్యకి చూపించానా?"

"కొంగ నీకు వండి పెడుతోందా?" అన్నారు మాస్టారు.

నేను నవ్వాను. వాడు నావైపు గుర్రుగా చూశాడు. చూడనీ.

"ఆవిడకి ఇలాంటివి చూపించే రోజులు కావండి ఇవి" అన్నాడు వాడు, గొంతు తగ్గించి. "ఏం చూపించినా మాట్లాడదు. నేనేం చెయ్యను?"

మాస్టారు బొమ్మలన్నీ దొంతర పెట్టి వాడి చేతిలో పెట్టారు. ఆ ఒక్కటీ నా బల్ల మీద అద్దం కింద ఉంచారు. "చూసేదాకా ఇక్కడుంటుంది" అన్నారు. వాడు అడిగిన ప్రశ్నకి జవాబు ఊసు ఎత్తలేదు. వాడూ మళ్ళీ అడగలేదు.

శుక్రవారం పొద్దున్న ముసురు పట్టింది. రేవులో నిలబడితే తడిసిపోతారు కాబట్టి పంటు కోసం వచ్చినవాళ్ళు మా స్టూడియో అరుగు మీద చేరడం మామూలే. తాయారూ, వాళ్ళ అన్నా, వెనక సంచి పట్టుకుని తాతాజీ, ముగ్గురూ అలాగే వచ్చారు. అన్న పేరు పల్లంరాజు. మంచివాడే, కాకపోతే నోటికి విశ్రాంతి ఉండదు. "ఆయ్, మీరు కూర్చోండి, నేను టిక్కెట్లు తెస్తానండి. మా బావగారు సంచి మోస్తున్నారంటే వాన రాక ఏమవుద్దండి" అని గొడుగేసుకుని రేవువైపు పోయాడు. తాతాజీ నవ్వబోయి ఊరుకున్నాడు.

తాయారు లోపలికి వచ్చి నా బల్ల పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది. చిక్కిపోయింది. "బాగున్నారా బాబాయ్ గారూ" అంది. మొగుడు నన్ను ఉత్త బాబాయ్ అంటాడు, ఈ పిల్ల గారూ అని చేర్చింది. అలాంటివి నేను గమనిస్తాను.

మాస్టారు వచ్చి అద్దం ఎత్తి బొమ్మ తీసి ఆ పిల్ల ముందు పెట్టారు. "అమ్మా, ఇది నీ బొమ్మ. మావాడు తీశాడు. ఏలూరు పంపుతానంటున్నాడు. నువ్వు చూసి ఊ అంటే సత్తెయ్య గారు చట్రం కడతారు. వద్దంటే చించేస్తాను" అన్నారు.

తాతాజీ గుమ్మంలో సంచి దించకుండా అలాగే నిలబడిపోయాడు.

ఆ పిల్ల చూసింది. ఏ ఆడపిల్లకైనా తన బొమ్మ చూపిస్తే ముందు తన మొహం వెతుక్కుంటుంది. మొహం లేకపోతే చీర చూసుకుంటుంది. ఈ పిల్ల రెండూ చూసుకోలేదు. వేలు పెట్టి గచ్చు మీద ఒకచోట ఆనించింది. బొమ్మలో తన చెయ్యి ఉన్న దగ్గర, వేళ్ళకి జానెడు ఎడంలో. మొన్న మాస్టారు భూతద్దం ఆపింది సరిగ్గా అక్కడే.

"ఇక్కడుండేది" అంది.

నేను కళ్ళద్దాలు సవరించుకుని వొంగాను. గచ్చు మీద గుండ్రంగా సన్నటి తడి గీత ఉంది. కూజానీళ్ళు పోసిన గ్లాసు చెమర్చితే కింద పడే మరక. దాన్ని చూడాలని చూస్తేనే కనపడుతుంది. ఆ తడి ఆరిపోకముందే తీసిన ఫొటో అది.

"ఏంటమ్మా ఉండేది?" అన్నాను నేను.

"గ్లాసండి." తాయారు మొగుడివైపు చూడలేదు, బొమ్మతోనే చెప్పింది. "ఆవేళ జ్వరంగా ఉంది. లేవలేక నీళ్ళు దగ్గర పెట్టుకుని పడుకున్నాను. నిద్రపోలేదు. ఈయన వచ్చారు. పక్కన వొంగారు. గ్లాసు తీశారు. తాగిస్తారేమో అనుకున్నాను. తల ఎత్తుదామనుకున్నాను కూడా." వేలు బొమ్మలో గ్లాసు మీదికి జరిపింది. "గ్లాసు కాళ్ళ దగ్గర పెట్టిన చప్పుడైంది. తర్వాత స్టూలు లాగిన చప్పుడు. తర్వాత ఫొటో తీసిన చప్పుడు. మళ్ళీ గ్లాసు ఇవతల పెట్టకుండానే వెళ్ళిపోయారు."

రేకు మీద వాన పడుతోంది. నేను ఉలి పట్టుకుని ఉన్నాను, కింద పెడితే చప్పుడవుతుందని పట్టుకునే ఉన్నాను.

తాతాజీ సంచి దించాడు. "చుక్క కోసం..." అన్నాడు. అని ఆగిపోయాడు. తన మాట తన చెవిన పడ్డట్టుంది.

"ఏం చుక్క?"

"పైనుంచి చూస్తే నువ్వు... ప్రశ్న గుర్తులా కనపడ్డావు. కింద చుక్క తక్కువైంది."

తాయారు బొమ్మని ఇంకోసారి చూసింది. దూరంగా పట్టుకుని చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"ఔను, అలాగే ఉన్నాను" అంది. "మరి ఏమైందని అడగలేదేమండీ?"

వాడు గొణిగాడు. పెళ్ళిపందిట్లో అందర్నీ అటు జరగండి ఇటు జరగండి అని అరిచే నోరు అది. "అడిగితే ఏడుస్తావని" అన్నాడు.

"ఏడిస్తే?"

"నాకూ వస్తుంది కదా."

"రానివ్వాల్సింది" అంది తాయారు. "నేనొక్కదాన్నే ఏడుస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. మీరు కొంగల దగ్గరికి పోతున్నారు, ఈయనకేం లేదు కాబోలు అనుకున్నాను."

అప్పుడు వాడు నా బల్ల పక్కన కిందే, రంపప్పొట్టులో, చతికిలబడ్డాడు. మొగాడు ఏడిస్తే చూడకూడదని నేను గోడవైపు తిరిగాను. ఆ పిల్ల పీట దిగి వాడి పక్కన కూర్చున్న చప్పుడు మటుకు వినపడింది.

అప్పుడే గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడు. "ఆయ్, పంటు వచ్చేసిందండి, రావే తాయారూ, మళ్ళీ ఇది పోతే..." అంటూ పల్లంరాజు లోపలికి వచ్చి, ఇద్దర్నీ పొట్టులో చూసి, నావైపు చూశాడు. నేను మాస్టారివైపు చూశాను. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

"తర్వాతి పంటుకి వస్తాను అన్నయ్యా" అంది తాయారు.

"టిక్కెట్లు తెచ్చేశానే!"

"తర్వాతిదానికి పనికొస్తాయిలే."

పల్లంరాజు కాసేపు నిలబడి, బజ్జీలు తింటానని చెప్పి పోయాడు. ఆ పంటు పోయింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను చెప్పను. వినపడలేదని కాదు. బిడ్డకి పేరు అనుకున్నారట ఇద్దరూ, ఎవరికి వాళ్ళు, ఒకరికొకరు చెప్పుకోకుండా. అంతవరకే చెబుతాను. పల్లంరాజు మూతి తుడుచుకుంటూ వచ్చి తర్వాతి పంటు కూడా వచ్చిందన్నాడు. అదీ పోయింది. "ఆయ్, ఏరు ఇవాళే దాటాలాండి, ఎండాకాలం దాకా ఆగితే నడిచే పోవచ్చుగా" అన్నాడు. తాయారు నవ్వింది. ఆషాఢం తర్వాత ఆ పిల్ల నవ్వడం నేను చూడ్డం అదే.

ఆ తర్వాతి పంటు కూత వేసినప్పుడు తాతాజీయే లేచాడు. పంట్లాముకి అంటిన పొట్టు దులుపుకున్నాడు. "నడు, నేనూ వస్తాను. నువ్వెప్పుడు వద్దామంటే అప్పుడే వద్దాం" అన్నాడు. సంచి భుజాన వేసుకోబోతే మెళ్ళో కెమెరా అడ్డొచ్చింది. దాన్ని తీసి నా బల్ల మీద పెట్టాడు. "బాబాయ్, ఇది ఉంచండి" అన్నాడు. గారూ అనలేదు. మూల సంగతి నేనూ మర్చిపోలేదు. అయినా దుమ్ము పడకుండా దాని మీద మంచి గుడ్డ ఒకటి కప్పాను.

తాయారు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మాస్టారూ, చించకండి" అంది. "ఏలూరు మాత్రం వద్దు. మా ఇంట్లో పెట్టుకుంటాం."

"సరేనమ్మా" అన్నారు ఆయన. నావైపు చూశారు. నేను అప్పటికే కర్ర ఏరుతున్నాను. టేకే ఏరాను. మూలలు ఎలా కలుస్తాయో వాడి గోడకే తగిలిస్తాను, రోజూ చూసుకుంటాడు.

వాళ్ళు అరుగు దిగారు. ముసురు తగ్గలేదు. ఒక గొడుగు కింద ఇద్దరూ, ఇంకో గొడుగు కింద పల్లంరాజు తన మాటలతో తనూ. నాలుగడుగులు వేశాక తాతాజీకి ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వానలోంచే కేకేశాడు.

"మాస్టారూ, ఆవేళ నేనడిగిందానికి మీరు చెప్పనేలేదు. జవాబుకి గుర్తు."

మాస్టారు కళ్ళద్దాలు తియ్యలేదు. తుడవలేదు.

"ముందు ఎక్కడ తీసిన గ్లాసు అక్కడ పెట్టరా" అన్నారు.